ఒకే బాకా విన్న ఇద్దరు కుర్రాళ్లు

(అంబేద్కర్ జయంతి రాత్రి, వాడలో విగ్రహం దగ్గర జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

జయంతి సభ అంటే బాబాసాహెబ్ ఎక్కడ పుట్టాడు, ఎన్ని డిగ్రీలు చదివాడు, రాజ్యాంగం ఎట్లా రాశాడు - ఇవి చెప్పి, దండేసి, దిగిపోవటం మనకు అలవాటైపోయింది. ఈ రాత్రి మేము ఆ పని చెయ్యబోవటం లేదు. బాకా ఊదే ఒక నల్లజాతి మనిషి గురించీ, ఆ బాకాని అనుకోకుండా విన్న ఒక తెల్ల కుర్రాడి గురించీ చెప్పబోతున్నాం. "పంతులికేమైంది, అమెరికా బాకా మనకెందుకు" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఎందుకో ముందు చెబుతాం.

మొన్న ఊళ్లో తిరునాళ్ల జరిగింది. మన కుర్రాళ్ల డప్పు దళాన్ని పిలిచారు. మనవాళ్లు ప్రభ ముందు రెండు గంటలు ఆగకుండా కొట్టారు. ఊరి పెద్దలు ఈలలేశారు. చొక్కాలకు నోట్లు గుచ్చారు. మైకులో "మా ఊరి కళాకారులు" అని పొగిడారు. సెల్‌ఫోన్లలో బొమ్మలు తీసుకున్నారు. అంతా బాగుంది. భోజనాల వేళ అయింది. షామియానా లోపల ఊరి పంక్తి. షామియానా బయట, చెప్పులు విడిచినచోట, మన పిల్లలకు వేరే ఆకులు. మనవాళ్లు తిన్నారు, వచ్చారు. వచ్చి మాతో ఏమన్నారో తెలుసా? "సార్, మనల్ని భలే మెచ్చుకున్నారు" అన్నారు.

ఆ మర్నాటి నుంచీ వాడలో తగువు. పెద్దాళ్లేమో "ఆ డప్పు మన మెడకు కట్టిన గుదిబండ, దాన్ని పొయ్యిలో పెట్టండి" అంటున్నారు. కుర్రాళ్లేమో "అది మన కళ, మనమెందుకు వదులుకోవాలి" అంటున్నారు. ఇద్దరూ మా దగ్గరికొచ్చి తీర్పు చెప్పమన్నారు. తీర్పు చెప్పటానికి మేమెవరం? మా అయ్యా డప్పు కొట్టినవాడే. అందుకే జయంతి నాడు చెబుతామన్నాం. ఇప్పుడు ఒక కథ చెబుతాం. కట్టుకథ కాదు, జరిగిన కథ.

మిత్రులారా! అమెరికా నల్లవాళ్ల బాధకూ మన బాధకూ చుట్టరికం ఉందని చెప్పింది మేము కాదు. 1946లో బాబాసాహెబే డుబోయిస్ అనే నల్లజాతి మేధావికి ఉత్తరం రాశాడు. మీ స్థితికీ మా అంటరానివాళ్ల స్థితికీ దగ్గర పోలిక ఉంది, మీవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి మాకు కావాలి అని అడిగాడు. డుబోయిస్ జవాబు రాశాడు. కాబట్టి వాళ్ల ముచ్చట మన ముచ్చటే.

అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ అనే నగరం ఉంది. అక్కడ 1901 ఆగస్టు 4న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. తండ్రి ఇల్లొదిలి పోయాడు. తల్లి కష్టం చేసి పెంచింది. ఉన్న పేట ఎట్లాంటిదంటే, దాన్ని జనం 'యుద్ధభూమి' అనేవాళ్లు. పిల్లవాడు బొగ్గుల బండి వెంట, చింకిపాతల బండి వెంట తిరిగి పని చేశాడు. ఆ బండ్లు ఒక యూదు కుటుంబానివి. వాళ్లు కూడా పొట్టచేతబట్టుకుని పరాయిదేశం నుంచి వచ్చినవాళ్లే. వాళ్లు ఆ నల్లపిల్లవాణ్ణి తమ ఇంట్లో, తమతో పాటు కూచోబెట్టుకుని అన్నం పెట్టారు. తాకట్టు దుకాణంలో ఒక పాత బాకా కనబడితే, కొనుక్కోవటానికి డబ్బు ముందుగా ఇచ్చారు. దాని పేరు కార్నెట్. పెళ్లిళ్లలో మన బ్యాండుమేళం వాళ్లు ఊదే ట్రంపెట్‌కి తమ్ముడి వరస.

ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రపంచం మెచ్చిన కళాకారుడయ్యాడు. రాజులు, మంత్రులు ఆయన పాట విన్నారు. కానీ చనిపోవటానికి రెండేళ్ల ముందు, 1969లో, ఆసుపత్రిలో ఉండి ఆయన కూచుని రాసుకున్నది ఎవరి గురించి? ఆ యూదు ఇంటి గురించి, ఆ ఇంట్లో తిన్న అన్నం గురించి. తమ్ముళ్లారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆకు ఎక్కడ వేశారన్నది మనిషి అరవై ఏళ్లయినా మర్చిపోడు.

పదకొండేళ్ల వయసులో, 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సందడిలో ఆ పిల్లవాడు వీధిలో పిస్తోలు పేల్చాడు. మన పిల్లలు దీపావళికి టపాకాయ పేల్చినట్టే. పోలీసులు పట్టుకున్నారు. నల్లపిల్లలకోసం వేరుగా పెట్టిన ఒక శిక్షణ గృహంలో పడేశారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఒక గురువున్నాడు. ఆయన మొదట పిల్లవాణ్ణి నమ్మలేదు, చెడిపోయిన పేటనుంచి వచ్చాడనుకున్నాడు. తర్వాత చూసి, చేతికి బాకా ఇచ్చాడు. చివరికి ఆ గృహం బ్యాండుకి నాయకుణ్ణి చేశాడు.

ఆ నగరంలో బాకా ఎక్కడ మోగుతుందో కూడా చెప్పాలి. మన దగ్గర డప్పు ఎక్కడ మోగుతుందో అక్కడే. చావు దగ్గర! శవం వెంట బ్యాండు నడుస్తుంది. స్మశానం దాకా నెమ్మదిగా, ఏడుపు పాట. పూడ్చిపెట్టి తిరిగి వచ్చేటప్పుడు ఎగిరి గంతులేసే పాట. మన చావు డప్పు తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికా జనం ఆ నగరంలోనే ఆదివారాలు ఒక మైదానంలో చేరి డోళ్లు వాయించి ఆడేవాళ్లు. ఆ దరువు, చర్చి పాట, పొలంలో కూలి పాట, సైనిక బ్యాండ్ల బాకాలు - ఇవన్నీ కలిసి కాగి 'జాజ్' అనే సంగీతం పుట్టింది. దాన్ని పుట్టించింది నల్లవాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో షికాగో వెళ్లాడు. తన గురువు కింగ్ ఆలివర్ బృందంలో చేరాడు. 1925 నుంచి తన పేరుతో పలకలు, అంటే గ్రామఫోను రికార్డులు, ఇచ్చాడు. ఆ రికార్డుల తర్వాత అమెరికా సంగీతం పాత దారిన పోలేదు.

ఇది బాకా ఊదినవాడి కథ. ఇంక విన్నవాడి కథ.

1931వ సంవత్సరం. టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం. ఆ నగరం ఎట్లాంటిది? 1928లో నగరానికి ఒక ప్లాను వేశారు. నల్లవాళ్ల బడి, నల్లవాళ్ల పార్కు అన్నీ తూర్పు దిక్కుకే నెట్టాలని అందులో రాసుకున్నారు. మిగతాచోట్ల వాళ్లకి సౌకర్యాలు లేకుండా చేస్తే వాళ్లే అటు పోతారని ఎత్తుగడ. ఊరు, వాడ! మన దగ్గర మనువు గీసిన గీతని అక్కడ ఇంజనీర్లు కాగితం మీద గీశారు, అంతే తేడా. ఆ నగరంలో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయం తెల్లవాళ్లది. హెమన్ స్వెట్ అనే నల్లజాతి మనిషి సుప్రీంకోర్టు దాకా పోరాడితేగానీ, 1950లోగానీ, దాని లా కాలేజీ తలుపు తెరుచుకోలేదు.

ఆ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన పదహారేళ్ల తెల్ల కుర్రాడు చార్లెస్ బ్లాక్. ఇంటిపేరు 'నలుపు', మనిషి తెలుపు! తండ్రి ఆ నగరంలో పేరున్న వకీలు. కుర్రాడికి సంగీతమూ తెలియదు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరో కూడా తెలియదు. డ్రిస్కిల్ అనే పెద్ద హోటల్లో డాన్సు ఉంది, ఆడపిల్లలు వస్తారు, అందుకని వెళ్లాడు. టిక్కెట్టు ముప్పావు డాలరు. చూడండి, ఎంత అనుకోని సంగతో! ఆ రాత్రి ఇంకో పని తగిలి ఉంటే అతను వెళ్లేవాడే కాదు.

వెళ్లాడు. వేదిక మీద ఒక నల్లమనిషి కళ్లు మూసుకుని బాకా ఊదుతున్నాడు. కుర్రాడు ఆడపిల్లల్ని మర్చిపోయాడు. డాన్సు మర్చిపోయాడు. నిలబడిపోయాడు. తర్వాత చాలా ఏళ్లకు, 1979లో, ఆ రాత్రి గురించి అతనే ఒక వ్యాసం రాశాడు. మహామేధావి అనదగ్గ మనిషిని తను కళ్లారా చూడటం అదే మొదటిసారి అని అందులో చెప్పాడు. ఒక దక్షిణాది తెల్ల కుర్రాడు అట్లాంటి మేధని మొట్టమొదట ఒక నల్లమనిషిలో చూడటం ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేనన్నాడు. అప్పటిదాకా నల్లవాళ్లంటే అతనికి ఎవరు? ఇంట్లో పని చేసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు. వాళ్లు 'వాళ్ల చోట' ఉన్నంత కాలం మంచివాళ్లే అని పెద్దలు చెప్పగా విన్నాడు. ఇప్పుడు ఎదురుగా ఈ మనిషి ఉన్నాడు. మరి ఈయన చోటేది? ఈయన్ని కన్న జనం చోటేది? ఆ ప్రశ్న కుర్రాడి తలలో పురుగులా దూరింది. మళ్లీ బయటికి పోలేదు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. అసలు ఈ కథ చెబుతున్నది దానికోసమే. బ్లాక్ పక్కన అతని స్నేహితుడు ఇంకొకడున్నాడు. అదే ఊరివాడు, అట్లాంటి ఇంటివాడే. వాడు కూడా విన్నాడు. వాడు కూడా కదిలిపోయాడు. కాసేపు నోరు పెగల్లేదు. తర్వాత తల విదిలించుకున్నాడు, పట్టిన దయ్యాన్ని వదిలించుకున్నట్టు. విదిలించుకుని ఒక మాటన్నాడు. 'ఎంతైనా వాడు ఆ జాతివాడే కదా' అని దాని సారం. అనేటప్పుడు వాడిన పదం మామూలు పదం కాదు. మన ఊళ్లో కులం పేరు పెట్టి తిట్టినట్టుగా, అక్కడ నల్లవాళ్లని తిట్టే తిట్టు.

మిత్రులారా! ఒకే హాలు. ఒకే రాత్రి. ఒకే బాకా. ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఆ పాట విని తను నేర్చుకున్నదంతా తప్పేమోనని అనుమానపడ్డాడు. ఇంకొకడు అదే పాట విని, తను నేర్చుకున్నదాన్ని కాపాడుకోవటానికి తిట్టు వెతుక్కున్నాడు. కాబట్టి మంచి పాట వింటే మనిషి మారిపోతాడని ఎవరైనా అంటే నమ్మకండి. పాట తలుపు కొట్టగలదు. తలుపు తియ్యాల్సింది లోపలున్నవాడు.

తిరునాళ్లలో మన డప్పు విన్న ఊరివాళ్లకి అది బాగోలేదా? బాగుంది. ఈలలు ఉత్తుత్తి ఈలలు కాదు. ఒళ్లు పులకరించే వేశారు. పులకరించిన తర్వాత 'ఎంతైనా వాళ్లే కదా' అనుకున్నారు. ఆకులు బయట వేశారు. మెచ్చుకోలు వేరు, మర్యాద వేరు. మెచ్చుకోలు డప్పుకి. మర్యాద మనిషికి. మెచ్చుకోలు ఉచితంగా దొరుకుతుంది. మర్యాద ఎవరూ ఉచితంగా ఇవ్వరు.

మరి మొదటి కుర్రాడు ఏమయ్యాడు? ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని పడుకున్నాడా? "నేను నల్లవాళ్ల పాట వింటాను, నాకు జాతిభేదం లేదు" అని నలుగురిలో చెప్పుకుని తిరిగాడా? అట్లా చెప్పుకునేవాళ్లు మనకూ ఉన్నారు. "మేము కులం పట్టించుకోం" అంటారు. రెండు గ్లాసుల హోటల్లో కూచుని ఆ మాట అంటారు. బ్లాక్ ఆ పని చెయ్యలేదు. లా చదివాడు. 1947 నుంచి న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పాడు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1913లో మన బాబాసాహెబ్ చదవటానికి వెళ్లింది అక్కడికే. 1952లో ఆయన్ని పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చిందీ ఆ విశ్వవిద్యాలయమే.

ఆ రోజుల్లోనే నల్లవాళ్ల లాయర్లు ఒక పెద్ద కేసు నడుపుతున్నారు. దాని పేరు 'బ్రౌన్ కేసు'. అంతకుముందు, 1896లో, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చి ఉంది. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరువేరుగా పెట్టినా సమానంగా ఉంటే తప్పులేదని. వేరట, సమానమట! వేరుగా వేసిన ఆకులో అదే పప్పు, అదే గారె పడింది గదా, ఇంకేం కావాలి అన్నట్టు. నల్లజాతి లాయరు థర్‌గుడ్ మార్షల్ నాయకత్వాన ఆ అబద్ధం మీద యుద్ధం చేశారు. వేరుగా పెట్టటంలోనే అవమానం ఉంది, పిల్లల మనసుకు తగిలే దెబ్బ అక్కడే ఉంది అని వాదించారు. చార్లెస్ బ్లాక్ వాళ్ల పక్షాన చేరాడు. కోర్టుకి ఇచ్చే వాదన పత్రం రాయటంలో చెయ్యి వేశాడు. 1954 మే 17న తీర్పొచ్చింది. తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద, బడుల్లో జాతుల్ని వేరుచెయ్యటం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. మార్షల్ 1967లో ఆ కోర్టులోనే మొదటి నల్లజాతి జడ్జి అయ్యాడు.

జాగ్రత్త! ఈ గెలుపు ఒక తెల్ల లాయరు పెట్టిన భిక్ష అని మేము చెప్పటం లేదు. ఆ కేసుని మోసింది నల్లజాతి తల్లిదండ్రులు. దక్షిణ కరోలినాలో ఒకచోట, మా పిల్లలు మైళ్లు నడుస్తున్నారు, ఒక బస్సివ్వండి అని అడగటంతో గొడవ మొదలైంది. అర్జీ మీద మొదట సంతకం పెట్టిన హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకులో పని పోగొట్టుకున్నాడు. అతని భార్య ఎలైజా కూడా పని పోగొట్టుకుంది. వాళ్లని నడిపించిన పాస్టరు డిలేన్ ఇల్లు తగలబడింది. సాంఘిక బహిష్కారం అంటే మనకు వేరే చెప్పాలా? కారంచేడు, చుండూరు చూసినవాళ్లం. కాబట్టి యుద్ధం వాళ్లది. బ్లాక్ వెళ్లి ఆ వరసలో నిలబడ్డాడు. ముందు కాదు, పక్కన. వచ్చేవాళ్లు అట్లా రావాలి.

2001లో చనిపోయిన ఆ మనిషి, ఏటా ఒక సాయంత్రం తన విద్యార్థుల్ని కూచోబెట్టుకుని ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు వినిపించేవాడు. న్యాయశాస్త్రం చెప్పే పంతులు, బాకా వినిపించటమేమిటి? తన న్యాయశాస్త్రం ఎక్కడ మొదలైందో పిల్లలకి చూపించటం అది.

ఇంక మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే మన కుర్రాళ్లు నిలబడింది బ్లాక్ చోట కాదు, ఆర్మ్‌స్ట్రాంగ్ చోట.

ఆయన ఎప్పుడూ నవ్వుతుండేవాడు. జేబురుమాలుతో చెమట తుడుచుకుంటూ, పళ్లన్నీ కనబడేట్టు నవ్వేవాడు. నల్లజాతిలోనే కుర్రకారు ఆయన్ని తిట్టారు. తెల్లవాళ్లని నవ్వించి బతుకుతున్నాడు, జాతి బాధ పట్టదు అన్నారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో తిరిగే నల్ల బృందాలకి, తాము ఊదిన హోటల్లో పడుకోవటానికి గది దొరికేది కాదు, కూచుని తినటానికి బల్ల దొరికేది కాదు. ఏ నల్లవాళ్ల ఇంట్లోనో తలదాచుకోవాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ అదంతా పడ్డాడు. పడి, పేరొచ్చిన తర్వాత ఒక పని చేశాడు. తనకి బస ఇవ్వనిచోట ఊదనని ఒప్పంద పత్రంలో రాయించుకున్నాడు. ఉపన్యాసం చెప్పలేదు. బయానా తీసుకునేటప్పుడే షరతు పెట్టాడు.

తర్వాత 1957 వచ్చింది. బ్రౌన్ తీర్పు వచ్చి మూడేళ్లయింది. తీర్పు కాగితం మీద ఉంది, బడి తలుపు మూసే ఉంది. మనకు 1950 నుంచి రాజ్యాంగంలో 17వ అధికరణం లేదా? అంటరానితనం రద్దయిందని రాసుకోలేదా? అట్లాగే. ఆర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లలు తెల్లవాళ్ల హైస్కూల్లో చేరటానికి వెళ్లారు. గవర్నరు సైనికుల్ని పెట్టి ఆపాడు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పదిహేనేళ్ల పిల్ల పుస్తకాలు పట్టుకుని ఒంటరిగా నడుస్తుంటే, వెనక గుంపు అరుచుకుంటూ వెంటపడింది.

ఆ సెప్టెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాన గ్రాండ్ ఫోర్క్స్ అనే చిన్న పట్నంలో కచేరీకి వెళ్లాడు. ఆ హోటల్లో దిగిన మొదటి నల్లమనిషి ఆయనే. ఇక్కడ ఇంకో కుర్రాడు వస్తాడు. ఇరవై ఒక్కేళ్లవాడు, చదువుకుంటూ స్థానిక పత్రికలో గంటకు డాలరు ముప్పావుకి పనిచేస్తున్నాడు. రాజకీయాలు అడగొద్దు, సంగీతం గురించే అడుగు అని పై అధికారి చెప్పి పంపాడు. గది దగ్గరికి పోనివ్వకపోతే, భోజనం తీసుకెళ్లే హోటలు మనిషితో కలిసి లోపలికి దూరాడు. ఆ పట్నం జడ్జే లిటిల్ రాక్ కేసులో పిల్లల్ని చేర్చుకోమని ఉత్తర్వు ఇచ్చాడు. కుర్రాడు ఆ మాట తీశాడు.

అంతే! నవ్వే మనిషి నవ్వు ఆగింది. దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండె లేదన్నాడు, రెండు నాలుకలవాడన్నాడు. గవర్నరుని అచ్చులో వెయ్యలేని తిట్టు తిట్టాడు, పత్రికకోసం ఇద్దరూ కలిసి దాన్ని మెత్తపరిచారు. ప్రభుత్వం తరఫున సోవియట్ దేశంలో కచేరీలు చెయ్యటానికి పోనన్నాడు. నా జనాన్ని ఇట్లా చూస్తుంటే పరాయిదేశంలో ఈ ప్రభుత్వాన్ని ఏమని సమర్థించను అన్నాడు. మర్నాడు కుర్రాడు వార్త రాసి తెచ్చి చూపించాడు. రుజువు కావాలంటున్నారన్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్క ముక్క తియ్యొద్దన్నాడు. అంతా ఖాయమే అని అర్థమొచ్చే ఒక్క మాట కింద రాసి సంతకం పెట్టాడు.

వార్త దేశమంతా పాకింది. కొన్ని రేడియోలు ఆయన పాటలు వెయ్యం పొమ్మన్నాయి. ఆయన వెంట తిరిగే మేనేజరు, అయ్యగారు ఏదో తొందరపడ్డారు అని సర్దబోయాడు. ఆయన ఒప్పుకోలేదు, అన్నమాట అన్నదే అన్నాడు. అదే నెల చివర్లో అధ్యక్షుడు సైన్యాన్ని పంపి ఆ తొమ్మిదిమందినీ బళ్లోకి నడిపించాడు. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ అధ్యక్షుణ్ణే మెచ్చుకుంటూ తంతి పంపాడు. తిట్టాల్సినప్పుడు తిట్టాడు, మెచ్చుకోవాల్సినప్పుడు మెచ్చుకున్నాడు. తన సొంత రాష్ట్రం లూసియానా 1956లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే వేదిక మీద వాయించకూడదని చట్టం చేస్తే, పుట్టిన ఊరు న్యూ ఆర్లియన్స్‌లో దాదాపు పదేళ్లు బాకా ముట్టలేదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తర్వాత, 1965లోగానీ అక్కడ ఊదలేదు. పుట్టిన ఊళ్లో ఊదకపోతే కళాకారుడికి ఎంత కడుపుకోతో మన డప్పు పెద్దల్ని అడగండి.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దిగిపోతే ఈ కథ చెప్పే అర్హత మాకు లేదు.

మేము ఉద్యోగంలో చేరిన కొత్త. మా వంశంలో డిగ్రీ చూసిన మొదటి తరం మాది. తెల్లచొక్కా, ఇన్‌షర్టు. లెక్కలు చెబుతుంటే ఏడో తరగతిలో వెనక బెంచీ మీద ఒక పిల్లవాడు రెండు చేతులతో బెంచీ వాయిస్తున్నాడు. వాడూ వాడపిల్లాడే. ఎంత చెప్పినా ఆపడు. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది, ఆ వేళ్లలో ఉన్నది మామూలు అల్లరి కాదు. ఒక చెయ్యి ఒక దరువు, రెండో చెయ్యి ఇంకో దరువు, రెండూ తప్పకుండా వచ్చి ఒకచోట కలుస్తున్నాయి. మా అయ్య డప్పు వింటూ పెరిగినవాళ్లం, మాకు తెలియకపోవటమేంటి? తెలుసు. ఒక్క క్షణం మా కాలు కూడా కదిలింది. ఆ కాలు కదిలినందుకే మాకు కోపమొచ్చింది. బెత్తం తీసుకుని వాయించాం. వాయించి ఏమన్నామో తెలుసా? "వాడ బుద్ధి ఎక్కడికి పోతుందిరా" అన్నాం.

పిల్లవాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. మేము వాళ్లింటికి వెళ్లి అడగనూ లేదు. ఇప్పుడు బేల్దారి పనికి పోతున్నాడు. ఎదురుపడితే నమస్తే సార్ అంటాడు. ఆ నమస్తేకి మేము తలెత్తలేం.

ఆస్టిన్ హోటల్లో ఆ రెండో కుర్రాడు తెల్లవాడని మీరు తేలిగ్గా తీసుకోకండి. వాడు ఏ రంగులోనైనా ఉంటాడు. చదువుకున్న మన ఇళ్లలో ఉంటాడు. డప్పు మోత వినగానే కిటికీ మూసే మన ఉద్యోగుల కాలనీల్లో ఉంటాడు. ఇరవై ఏళ్ల కింద మా చొక్కాలో ఉన్నాడు. మనువు పెట్టిన చదువు అంత లోతుకి దిగుతుంది, మన కాలు కదిలినా మన నోరు తిట్టేట్టు చేస్తుంది. పీటర్ డేవిస్ కూడా మొదట తప్పే చేశాడు, కానీ దిద్దుకుని బాకా చేతికిచ్చాడు. మేము దిద్దుకోలేదు. ఆ తేడాకి ఒక పిల్లవాడి బతుకు మారిపోయింది.

సరే, తగువు సంగతి. డప్పు పొయ్యిలో పెట్టాలా, భుజాన వెయ్యాలా?

పెద్దలారా, డప్పు తప్పు చెయ్యలేదు. తోలు చేసింది మనం, దరువు కట్టింది మనం. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు ఆ డప్పే హక్కుల కేక అయింది. దాన్ని కాల్చి మన చేతులు మనం నరుక్కోవద్దు. కానీ మీ బాధ నిజం. చాకిరీగా, వెట్టిగా కొట్టిన డప్పు మోత మీ చెవుల్లో ఇంకా ఉంది. అట్లా కొట్టే రోజులు మళ్లీ రాకూడదు.

తమ్ముళ్లారా, డప్పు కొట్టండి. ప్రపంచం నిలబడి వినేట్టు కొట్టండి. కానీ ఈలకి లొంగిపోకండి. బయానా తీసుకునేటప్పుడే అడగండి: ఆకు ఎక్కడ వేస్తారు? పంక్తిలో వేస్తామంటేనే డప్పు కాచండి. లేదంటే మంటార్పి ఇంటికి రండి. అప్పటికీ వేరుగా వేస్తే తినకుండా లేవండి. కాగితం మీద రాసుకుని, సాక్షుల్ని పెట్టుకుని, వాడంతా కలిసి స్టేషనుకి పదండి. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, దాన్ని అల్మరాలో దాచుకోవటానికి తెచ్చుకోలేదు. ఆ రోజు మీ ముందు మేము నడవం, పక్కన నడుస్తాం. అర్జీ రాసే పని మాది.

ఊళ్లోనూ ఒక చార్లెస్ బ్లాక్ ఉండొచ్చు. ఆ ఈలలేసినవాళ్లలో ఒక కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టకపోయి ఉండొచ్చు. వస్తే రానివ్వండి, మన పక్కన చోటివ్వండి. కానీ వాడికోసం ఎదురుచూస్తూ కూచోకండి.

ఇంకొక్క మాట. రేపటి నుంచి సాయంత్రం ఆరింటికి ఇదే విగ్రహం దగ్గర పిల్లలకి రాత్రిబడి. లెక్కలు మేము చెబుతాం. డప్పు చెప్పటానికి, మేము కొట్టి పంపేసిన ఆ పిల్లవాడి ఇంటికి నిన్న వెళ్లి అడిగాం. వెంటనే మాట్లాడలేదు. చేతులకున్న సిమెంటు కడుక్కుని వచ్చి, "ఎన్నింటికి రావాలి సార్" అన్నాడు.

ఆరింటికి. అందరూ పిల్లల్ని పంపండి.

జై భీమ్!